లెక్కను పేర్చినవాళ్లు

1809లో కార్ల్ ఫ్రీడ్రిష్ గౌస్ గ్రహాల కక్ష్యలను లెక్కగట్టే విధానం మీద లాటిన్‌లో ఒక గ్రంథం వెలువరించాడు. ఆకాశంలో చేసిన పరిశీలనలు ఎన్నో ఉంటాయి, ప్రతిదాంట్లోనూ ఏదో కాస్త పొరపాటు ఉంటుంది. వాటన్నిటినీ కలిపి కక్ష్యకు బాగా సరిపోయే విలువలు రాబట్టాలంటే చివరికి కొన్ని రేఖీయ సమీకరణాలను ఒకేసారి సాధించక తప్పదు. సరిగ్గా ఆ చోటికి వచ్చేసరికి గౌస్ ఆగి వివరించడు. అందరూ వాడే తొలగింపు పద్ధతి ఉండనే ఉంది, దాంతో చేసుకోవచ్చన్న ధోరణిలో ఒక్క మాట అని ముందుకు వెళ్లిపోతాడు. ఆయన అంత తేలిగ్గా దాటేసిన పద్ధతినే ఇవాళ ప్రపంచమంతా ఆయన పేరు పెట్టి పిలుస్తోంది. మన పదో తరగతి పుస్తకంలో చరరాశిని తొలగించే పద్ధతిగా, రెండే రెండు సమీకరణాలతో, కర్త పేరు లేకుండా కనిపించే ఈ లెక్క ఇంజినీరింగ్ కాలేజీ చేరేసరికి ‘గౌస్ తొలగింపు’ అయిపోతుంది.

ఆలోచన చాలా చిన్నది. రెండు సమీకరణాలను తగిన సంఖ్యలతో గుణించి, ఒక అజ్ఞాతరాశి గుణకాలు రెండింట్లోనూ సమానమయ్యేలా చేసి, ఒకదాన్నుంచి మరొకదాన్ని తీసేస్తే ఆ రాశి లేకుండా పోతుంది. సంతలో రెండు రకాల సరుకు కలిపి బేరమాడేవాళ్లెవరికైనా ఎప్పుడో ఒకప్పుడు తట్టే ఉపాయమే ఇది. అందువల్ల దీన్ని మొదట ఎవరు కనిపెట్టారన్న పోటీ పెడితే చరిత్ర మనకు వంకరగానే కనిపిస్తుంది. అజ్ఞాతరాశులు రెండు నుంచి మూడుకు, ఆరుకు, నలభైకి పెరిగినప్పుడు అసలు కష్టం మొదలవుతుంది. అప్పుడు ఏ అంకె ఎక్కడ రాయాలి, ఏది ముందు చేయాలి, ఏది అసలు రాయనక్కర్లేదు, మధ్యలో ఒకరు లేచిపోతే ఇంకొకరు ఎలా అందుకోవాలి అన్నవే ప్రశ్నలవుతాయి. తొలగింపు పద్ధతి చరిత్ర అంటే ఈ పేర్పు చరిత్రేనని నా వాదన. అందులో ముందుకు పడ్డ ప్రతి అడుగూ గుట్టలకొద్దీ అంకెలు ముందేసుకుని కూర్చున్న ఉద్యోగులు, సర్వేయర్లు, లెక్కగాళ్ల అవసరంలోంచే వచ్చింది.

పేర్పు సంగతి మనకు స్పష్టంగా కనిపించే మొదటి చోటు ప్రాచీన చైనా. హాన్ రాజుల కాలంలో, క్రీ.శ. 1వ శతాబ్ది నాటికి దాదాపు ఇప్పటి రూపానికి వచ్చిందని పండితులు భావించే ‘గణితకళ తొమ్మిది అధ్యాయాలు’ అనే పుస్తకం ఉంది. పొలాల కొలతలు, ధాన్యం మారకం, వంతుల పంపకం, గట్లూ కాలవల తవ్వకం, పన్నుల సర్దుబాటు లాంటివి అందులో అధ్యాయాలు. అంటే అది రాజ్యం నడిపే ఉద్యోగి చేతి పుస్తకం. ఎనిమిదో అధ్యాయమైన ‘ఫాంగ్‌చెంగ్’లో 18 లెక్కలున్నాయి, అన్నీ రేఖీయ సమీకరణాలవే. మొదటి లెక్క పంట గురించి. మేలు రకం పనలు 3, నడిమి రకం 2, నాసి రకం 1 కలిపి 39 దౌల గింజలు ఇచ్చాయి. మేలు రకం 2, నడిమి రకం 3, నాసి రకం 1 అయితే 34 దౌలు. మేలు రకం 1, నడిమి రకం 2, నాసి రకం 3 అయితే 26 దౌలు. దౌ అంటే గింజలు కొలిచే మానం. ఒక్కో రకం పనకు ఎన్ని దౌల గింజలు?

పుస్తకం చెప్పే పని ఇలా సాగుతుంది. పలక మీద వెదురు లెక్కపుల్లలతో ఒక్కో సమీకరణాన్ని ఒక్కో నిలువు వరసగా, కుడి నుంచి ఎడమకు పేర్చాలి. కుడి వరసలో పైనుంచి కిందికి 3, 2, 1, అన్నిటికీ కింద 39. మధ్య వరసలో 2, 3, 1, 34. ఎడమ వరసలో 1, 2, 3, 26. ఇప్పుడు మధ్య వరస మొత్తాన్ని కుడి వరస తలమీది 3తో గుణిస్తే 6, 9, 3, 102 వస్తాయి. అందులోంచి కుడి వరసను రెండుసార్లు తీసేస్తే పైన ఖాళీ, కింద 5, 1, 24 మిగులుతాయి. ఎడమ వరసనూ అలాగే మూడింతలు చేసి కుడి వరసను ఒకసారి తీస్తే ఖాళీ, 4, 8, 39. తర్వాత ఎడమ వరసను 5తో గుణించి, మధ్య వరసను నాలుగుసార్లు తీస్తే పై రెండు గళ్లూ ఖాళీ అయి 36, 99 మిగులుతాయి. నాసి రకం పనలు 36 కలిస్తే 99 దౌలు, ఒక్క పనకు రెండూ ముప్పావు. ఇక్కడిదాకా ఇవాళ్టి విద్యార్థి చేసేదే. ఆ తర్వాత మాత్రం చైనా లెక్కగాడు మనకంటే పొదుపుగా వెళ్తాడు. దొరికిన భిన్నాన్ని వెనక్కి తీసుకెళ్లి ప్రతిక్షేపించకుండా, 36నే అందరికీ భాజకంగా అట్టిపెట్టుకుంటాడు. మధ్య వరసలోని 24ను 36తో గుణించి 99 తీసేస్తే 765, దాన్ని 5తో భాగిస్తే 153. కుడి వరసలోని 39ని 36తో గుణించి, 99నీ 153కు రెట్టింపునూ తీసేస్తే 999, దాన్ని 3తో భాగిస్తే 333. ఇక 333, 153, 99 మూడింటినీ 36తో భాగిస్తే తొమ్మిదింపావు, నాలుగుంపావు, రెండూ ముప్పావు. భిన్నాలు చిట్టచివరి మెట్టు దాకా పలక మీదకి రానే రావు. పుల్లలతో భిన్నాలు పేర్చడం ఎంత చికాకో తెలిసినవాళ్లు చేసిన ఏర్పాటు ఇది. ఆలోచన ఒక్కటే ఉంటే ఈ ఏర్పాటు దానంతట అది రాదు.

తీసివేతల్లో చిన్నదాన్నుంచి పెద్దది తీయాల్సి వస్తే? ఆ అధ్యాయంలోనే ధన, రుణ సంఖ్యలను కలపడానికీ తీసివేయడానికీ సూత్రాలు ఇచ్చారు. క్రీ.శ. 263లో ఈ పుస్తకానికి వ్యాఖ్య రాసిన ల్యూ హుయ్, ధనసంఖ్యలకు ఎర్ర పుల్లలు, రుణసంఖ్యలకు నల్ల పుల్లలు వాడాలని చెబుతాడు. రుణసంఖ్యలు సమీకరణాలకు మూలాలుగా రావచ్చా అని యూరప్ పండితులు ఇంకో వెయ్యిన్నర ఏళ్ల దాకా తలలు పట్టుకున్నారు. ఇక్కడ మాత్రం అవి పలక మీది లెక్క ఆగిపోకుండా నడవడానికి అవసరమైన పనిముట్లుగా వచ్చాయి. ఇదంతా అంకెల వంటకమే తప్ప గణితం కాదని కొందరంటారు. ల్యూ హుయ్ వ్యాఖ్య చదివితే ఆ మాట నిలవదు. ఒక వరసలోంచి మరో వరసను తీసినా సంబంధం చెడకపోవడానికి కారణమేమిటో ఆయన వివరిస్తాడు. ఎన్ని రకాల వస్తువులుంటే అన్ని వరసలు ఎందుకు కావాలో చెబుతాడు. అదే అధ్యాయంలో నాతో విభేదించేవారికి ఉపయోగపడే లెక్క ఒకటుంది. ఐదిళ్లవాళ్లు ఒకే బావి వాడుకుంటారు, ఎవరి తాడూ నీళ్లకు అందదు. మొదటి ఇంటి తాళ్లు రెండింటికి రెండో ఇంటి తాడు ఒకటి ముడేస్తే సరిగ్గా అందుతుంది. రెండో ఇంటివి మూడు, మూడో ఇంటిది ఒకటి కలిపినా అంతే. ఇలా చివరిదాకా పోయి, ఐదో ఇంటివి ఆరు, మొదటి ఇంటిది ఒకటితో ముగుస్తుంది. అజ్ఞాతరాశులు ఆరు, సమీకరణాలు ఐదే. పుస్తకం బావి లోతు 721 అని, తాళ్లు 265, 191, 148, 129, 76 అని చెబుతుంది. గుణించి చూసుకుంటే అన్నీ సరిపోతాయి, అయితే వీటికి ఏ గుణిజం తీసుకున్నా సరిపోతుంది. ఏ తహసీల్దారుకూ ఇలాంటి బావి ఎదురై ఉండదు, ఇది లెక్క మీద ఇష్టంతో అల్లిన లెక్క. ఒప్పుకుంటాను. అయితే ఆ సరదా కూడా పేర్పు సిద్ధంగా ఉండబట్టే సాధ్యమైంది. ఐదు వరసల పలక అలవాటైన చేతికే ఐదిళ్ల బావి తోస్తుంది.

మరి మన దేశం సంగతి? ఇక్కడ ఆలోచనకు కొరత లేదు. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు రాసిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో అనేక అజ్ఞాతరాశుల సమీకరణాలకు సాధారణ సూత్రమే ఉంది. అజ్ఞాతరాశులకు రంగుల పేర్లు పెట్టి, మొదటి రంగును ఒక పక్కన ఉంచి మిగతావాటిని అవతలి పక్కకు చేర్చి, మొదటి రంగు గుణకంతో భాగించి దాని విలువ రాబట్టమంటాడు. అలా రెండు మూడు చోట్ల వచ్చిన విలువలను ఒకదానికొకటి సమానం చేస్తూ పోతే రంగులు ఒక్కొక్కటే తగ్గిపోతాయి. 1150లో భాస్కరాచార్యుడు బీజగణితంలో ఈ దారినే ఇంకా విస్తరించాడు. పుల్లలకు బదులు అక్షరాలతో నడిచిన ఈ పద్ధతి చైనాదానికంటే బీజగణితానికి దగ్గర. అయితే మన ఆచార్యుల మనసు వేరే వైపు లాగింది. సమీకరణాలకంటే రాశులు ఎక్కువై, చివరికి పూర్ణసంఖ్యల జవాబులు వెతకాల్సి వచ్చే కుట్టకం వాళ్లకు ప్రాణం. గ్రహాల కలయికలు, యుగాల లెక్కలు అక్కడే తేలాలి. ఆ లెక్కల్లో తొలగింపు అనేది గుమ్మం దాకా తీసుకెళ్లే మెట్టు మాత్రమే. పది పన్నెండు రాశులను తొలగిస్తూ పోవాల్సిన అవసరం రాలేదు కాబట్టి, దానికంటూ ఒక ప్రత్యేకమైన పేర్పూ ఏర్పడలేదు. ధూళిపలక మీద రాసి చెరిపేసే అలవాటు వల్ల అలాంటిదేదో ఉండి కూడా మనదాకా రాకపోయి ఉండవచ్చని ఎవరైనా అనవచ్చు. చైనా పుల్లలూ లెక్క కాగానే ఎత్తేసేవే. తేడా ఏమిటంటే, అక్కడ ఏ పుల్ల ఎక్కడ పెట్టాలో పుస్తకమే చెప్పింది.

తెలుగువారికి దగ్గరి సాక్ష్యం ఇంకొకటుంది. రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, 9వ శతాబ్దిలో, జైన గణితజ్ఞుడు మహావీరాచార్యుడు గణితసారసంగ్రహం రాశాడు. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆయన్ను రాజరాజనరేంద్రుని కాలం వాడిగా, అంటే 11వ శతాబ్ది వాడిగా ఎక్కువమంది సాహిత్య చరిత్రకారులు లెక్కిస్తారు, తెలుగులో తొలి గణితగ్రంథం మల్లనదేనంటారు. 1912లో ఎం. రంగాచార్య మద్రాసులో సంస్కృత మూలాన్ని ఆంగ్లానువాదంతో సహా అచ్చువేశాకే మహావీరుడు ప్రపంచానికి తెలిశాడు. ఆ మూలంలో ఒక పండ్ల బేరం ఉంది. 9 మాదీఫలాలు, 7 వెలగపండ్లు కలిపి 107. 7 మాదీఫలాలు, 9 వెలగపండ్లు కలిపి 101. ఒక్కో పండు ధరెంత? మహావీరుడు సమీకరణాలను ఒకదాన్నుంచి మరొకటి తీయమనడు, ఒక సూత్రం ఇస్తాడు. పెద్ద మొత్తాన్ని పెద్ద సంఖ్యతో, చిన్న మొత్తాన్ని చిన్న సంఖ్యతో గుణించి తీసివేసి, ఆ రెండు సంఖ్యల వర్గాల తేడాతో భాగించాలి. 107ను 9తో గుణిస్తే 963, 101ని 7తో గుణిస్తే 707, తేడా 256. 81లోంచి 49 పోగా 32. కాబట్టి మాదీఫలం 8. మొత్తాలను తారుమారు చేస్తే 909లోంచి 749 పోగా 160, దాన్ని 32తో భాగిస్తే వెలగపండు 5. తొలగింపు మొత్తాన్నీ ముందే చేసిపెట్టి, ఫలితాన్ని మాత్రం శ్లోకంలో బిగించాడన్నమాట. నోటికి పట్టుకోవాల్సిన చదువులో ఇంతకంటే మంచి పేర్పు లేదు. కాని అంకెలు ఎదురుబొదురుగా తారుమారైన లెక్కలకే ఇది పనికొస్తుంది, మూడో పండు వచ్చిందంటే శ్లోకం చేతులెత్తేస్తుంది. పద్యంలో ఇమడాలన్న నియమం లెక్క ఎంత దూరం పోవాలో నిర్ణయించిందని నాకనిపిస్తుంది. ఇది మన గణితాన్ని తక్కువ చేయడం కాదు. ఎక్కడ ఏ అవసరం బలంగా ఉందో అక్కడ ఆ పేర్పే పెరిగింది.

చైనా నుంచి ఈ విద్య పడమటికి చేరిందా అన్నది చరిత్రకారుల మధ్య చర్చ. 1202లో ఫిబొనాచి రాసిన పుస్తకంలో చైనా, భారత లెక్కల్ని పోలినవి ఉన్నాయి, అయితే చేతి నుంచి చేతికి ఎలా అందిందో చూపించే పత్రం లేదు. నా వాదనకు అది తేలనక్కర్లేదు. 16వ శతాబ్దిలో ఫ్రాన్స్‌లో పెలెతియే, బోరెల్, గోస్లెన్ లాంటి కొందరు పండితులు రెండు మూడు రాశుల సమీకరణాలను అక్షరాలతో సాధించి చూపారు. ఆ తర్వాత అదే కథ ఆశ్చర్యకరంగా నెమ్మదించింది. 1670 ప్రాంతంలో డచ్ రచయిత కింక్‌హాయ్‌సెన్ బీజగణితానికి వివరణలు రాస్తూ న్యూటన్ ఒక లోటు గమనించాడు. అనేక సమీకరణాల నుంచి రాశులను ఒక్కొక్కటిగా ఎలా తొలగించాలో నేర్పే పాఠం బీజగణిత పుస్తకాల్లో లేదు. ఆ పాఠాన్ని తానే రాశాడు. కేంబ్రిడ్జిలో ఆయన ఇచ్చిన ఉపన్యాసాలు 1707లో అచ్చయ్యాయి. అచ్చుకావడం ఆయనకు ఇష్టం లేదు, పుస్తకం మీద పేరు కూడా వేయించుకోలేదు. కాని తర్వాతి వందేళ్ల పాఠ్యపుస్తకాలు ఆ పాఠాన్నే తిరగరాశాయి. గౌస్ 1809లో అందరి పద్ధతి అని అన్నది దీన్నే.

ఈలోగా ఇంకో దారి తెరుచుకుంది. జపాన్‌లో సెకి తకకజు 1683లో, జర్మనీలో లైబ్నిజ్ 1693లో, ఒకరికొకరు తెలియకుండా, ఇప్పుడు మనం నిర్ధారకాలు అంటున్న వాటిని చేరుకున్నారు. 1750లో జెనీవాకు చెందిన గాబ్రియేల్ క్రామర్ ఆ దారిలో ఒక అందమైన సూత్రం ప్రకటించాడు. ఏమీ తొలగించనక్కర్లేదు, గుణకాలు తెలిస్తే చాలు, ప్రతి రాశికీ జవాబు ఒక నిర్ధారకాన్ని ఇంకో నిర్ధారకంతో భాగించగా వచ్చేది. పేర్పు ఎంత ముఖ్యమో రుజువు కావాలంటే క్రామర్ నియమమే రుజువు. ఆలోచనగా అది తొలగింపుకంటే ఎత్తులో ఉంది. లెక్కకు దిగితే? 20 రాశులుంటే ఒక్కో నిర్ధారకాన్ని నిర్వచనం ప్రకారం విప్పితే 24 వేల కోట్ల కోట్ల పదాలు తేలతాయి, పైగా అలాంటి నిర్ధారకాలు 21 కావాలి. అవే 20 సమీకరణాలను వరసగా తొలగిస్తూ వస్తే గుణకారాలు, భాగాహారాలు కలిపి మూడు వేల చిల్లరతో పని పూర్తవుతుంది. నిర్ధారకాన్ని విప్పకుండా తెలివిగా గణిస్తే సరిపోతుందిగా అంటారా, ఆ తెలివైన గణన కూడా తొలగింపే.

అయితే గౌస్‌కు ఏమీ చెందదా? చెందుతుంది, ఆయన పేరు మోస్తున్నది మాత్రం కాదు. పొరపాట్లున్న పరిశీలనలన్నిటినీ కలిపి బాగా సరిపోయే విలువలు రాబట్టే కనిష్ఠ వర్గాల పద్ధతిని లెజాండ్ర 1805లోనే అచ్చువేశాడు. తాను అంతకు ముందు నుంచే వాడుతున్నానని గౌస్ అన్నాడు, దాని మీద పెద్ద రగడే నడిచింది. ఆ పద్ధతిలో పుట్టే సమీకరణాలకు ఒక గుణముంది. వాటి గుణకాలను చదరంగా పేర్చి ఒక మూల నుంచి ఎదుటి మూలకు గీత గీస్తే పైభాగం, కిందిభాగం అద్దంలో బింబాల్లా ఒక్కటే. ఆరు రాశులుంటే గుణకాలు 36 అయినా, వేరువేరుగా ఉండేవి 21 మాత్రమే. 1802లో ఓల్బర్స్ కనుగొన్న పల్లాస్ అనే చిన్నగ్రహం కక్ష్య మీద 1810లో సమర్పించిన పత్రంలో గౌస్ ఈ గుణాన్ని పూర్తిగా వాడుకున్నాడు. అక్కడ తొలగించాల్సిన రాశులు ఆరు. సమీకరణాలను మళ్లీమళ్లీ తిరగరాసే బదులు, ఒక చదరపు కుండలీకరణంలో రెండు అక్షరాలు, ఒక అంకె పెట్టి, ఏ మెట్టులో ఏ గుణకాన్ని గణించాలో తెలిపే సంకేతాన్ని ఏర్పరిచాడు. దాంతో సమీకరణాలు కాగితం మీంచి మాయమయ్యాయి, గణించాల్సిన అంకెల చిట్టా మిగిలింది. బీజగణితం రాని లెక్కగాడు కూడా ఆ చిట్టాను పైనుంచి కిందికి నింపుకుంటూ పోవచ్చు. తర్వాత వందేళ్లపాటు ఖగోళశాలల్లో, సర్వే ఆఫీసుల్లో ఈ కుండలీకరణాలే రాజ్యమేలాయి. గౌస్‌కు రావాల్సిన కీర్తి ఈ చిట్టాది. దాన్ని పక్కనబెట్టి న్యూటన్ పాఠానికి ఆయన పేరు తగిలించారు.

సర్వే ఆఫీసుల గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే 19వ శతాబ్దిలో ఈ విద్య బతికింది విశ్వవిద్యాలయాల్లో కంటే అక్కడే ఎక్కువ. దేశాన్ని త్రిభుజాలుగా విడగొట్టి కొలిస్తే, ప్రతి త్రిభుజంలో కోణాల మొత్తం భూగోళం వంపు ప్రకారం ఇంతకే రావాలి, చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే చేరాలి. కొలతల్లో ఎప్పుడూ కాస్త తేడా ఉంటుంది. ఆ తేడాలను కోణాలన్నిటికీ న్యాయంగా పంచడమంటే పదుల కొద్దీ సమీకరణాలు సాధించడమే. మన దేశంలో లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర ఆధారరేఖ కొలిచి మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వేలో బీదర్, విశాఖపట్నం ఆధారరేఖలూ ఉన్నాయి. విశాఖది 1862-63లో కొలిచారు. తర్వాత సర్వే అధిపతి అయిన వాకర్ హయాంలో ఈ త్రిభుజాల వలను పెద్ద ముక్కలుగా విడగొట్టి, కనిష్ఠ వర్గాల పద్ధతితో సర్దుబాటు చేసే పని డెహ్రాడూన్ గణన కార్యాలయంలో ఏళ్ల తరబడి సాగింది. దాని వృత్తాంతం 1879లో సంపుటంగా వచ్చింది. అమెరికాలో తీర సర్వే ఉద్యోగి మైరిక్ డూలిటిల్ ఒక సహాయకుడితో కలిసి 41 సమీకరణాలను వారం లోపే సాధించాడు. 41 రాశులంటే వేరువేరు గుణకాలు 861. గౌస్ చిట్టాలో ఉన్న మధ్య మెట్లను చాలావరకు రాయకుండా, ఒకే పట్టికలో గుణలబ్ధాలను పోగుచేసి ఒకేసారి కలిపే ఏర్పాటు ఆయనది. క్రెలె అచ్చువేసిన గుణకార పట్టికలు పక్కన పెట్టుకుని, మూడంకెల గుణకాలతో నడిపేవాడు. 1878 నాటి ఆయన నివేదికలో కొత్త సిద్ధాంతమేమీ లేదు, ఎక్కడ ఏ అంకె రాయాలో మాత్రమే ఉంది. గుణలబ్ధాలను తనలోనే కూడబెట్టుకునే చేతి యంత్రాలు వచ్చాక పేర్పు మళ్లీ మారింది. ఫ్రెంచి సైన్యంలో భూసర్వే చేసిన ఫిరంగిదళ అధికారి ఆంద్రె లూయి షొలెస్కి ఆ యంత్రాలకు తగిన పద్ధతి కట్టాడు. దాన్ని అచ్చులో చూసుకోలేదు, 1918 ఆగస్టు 31న యుద్ధంలో చనిపోయాడు. ఆరేళ్ల తర్వాత తోటి అధికారి ఒకరు ప్రచురించారు.

పేర్పులన్నీ చేతిశ్రమ తగ్గించే చిట్కాలే, ఎలక్ట్రానిక్ యంత్రం వచ్చాక వాటి విలువ పోయి ఆలోచన ఒక్కటే మిగిలింది కదా అన్నది నా వాదనకు గట్టి అభ్యంతరం. జరిగింది మాత్రం దీనికి పూర్తిగా విరుద్ధం. యంత్రం ప్రతి సంఖ్యనూ కొన్ని అంకెల దగ్గర తెంపేస్తుంది. కొన్ని వేల మెట్లలో ఆ తెంపుళ్లు పోగైతే జవాబులో ఒక్క అంకె కూడా నమ్మలేమని 1943లో గణాంకవేత్త హోటెలింగ్ భయపెట్టాడు, ఒక్కో రాశి పెరిగినకొద్దీ దోషం నాలుగింతలు కావచ్చన్నాడు. 1946 ప్రాంతంలో లండన్ దగ్గరి జాతీయ భౌతిక ప్రయోగశాలలో విల్కిన్సన్ తదితరులు 18 సమీకరణాలను బల్ల మీది లెక్కయంత్రాలతో సాధించి చూస్తే, జవాబు ఊహించనంత కచ్చితంగా వచ్చింది. 1947లో వాన్ నాయ్‌మన్, గోల్డ్‌స్టైన్, 1948లో టూరింగ్, 1961లో విల్కిన్సన్ ఎందుకలా జరిగిందో తేల్చారు. తేలినదాంట్లో వరస క్రమానిది పెద్ద వాటా. మొదటి రాశిలో పదివేలో వంతు, రెండో రాశి కలిస్తే 1 అని ఒక సమీకరణం, రెండు రాశులూ కలిస్తే 2 అని మరొకటి అనుకోండి. జవాబులు రెండూ ఒకటికి అతి దగ్గర. మూడంకెలు మాత్రమే ఉంచుకునే యంత్రం మొదటి సమీకరణాన్ని పట్టుకుని మొదటి రాశిని తొలగిస్తే, రెండో రాశి 1 అని, మొదటి రాశి సున్నా అని చెబుతుంది, పూర్తిగా తప్పు. సమీకరణాల వరస మార్చి, పెద్ద గుణకమున్నదానితో మొదలుపెడితే అదే యంత్రం సరైన జవాబిస్తుంది. ఆలోచన రెండుసార్లూ ఒక్కటే, మెట్ల సంఖ్యా ఒక్కటే. ఏ వరసను ముందు పెట్టామన్నదే జవాబును నిలబెట్టింది లేదా కూల్చింది.

గౌస్ పేరు అంటుకున్నది ఈ యంత్రాల కాలంలోనే. వాన్ నాయ్‌మన్ దాన్ని ఉత్త తొలగింపు అనే పిలిచాడు. సర్వేయర్ల సంప్రదాయంలో గౌస్ పద్ధతి అంటే ఆ కుండలీకరణాల చిట్టా. 1950ల మొదట్లో సమీకరణాల సాధన మీద రాసిన అమెరికన్ గణితజ్ఞులు, ముఖ్యంగా 1953లో జార్జ్ ఫోర్సైత్, ఆ చిట్టానూ బడిలో నేర్పే మామూలు తొలగింపునూ ఒకే పేరు కిందికి తెచ్చారు. కొత్త శాస్త్రానికి పెద్ద పూర్వీకుడు కావాలి, గౌస్‌కంటే పెద్దవాడు దొరకడు. 1969లో ష్ట్రాసెన్ ఇంతకంటే తక్కువ మెట్లలో పని కానిచ్చే దారి చూపినప్పుడు కూడా, తన వ్యాసం శీర్షికలోనే తాను మించింది గౌస్ తొలగింపునని రాశాడు, దాంతో పేరు స్థిరపడింది. మన ఇంటర్మీడియట్ మాత్రికల అధ్యాయంలో క్రామర్ పద్ధతి పక్కన కనిపించే ‘గౌస్-జోర్డాన్’లోని రెండో పేరుకూ ఇలాంటి కథే ఉంది. దాన్ని ఫ్రెంచి బీజగణితజ్ఞుడు కమీల్ జోర్డాన్‌దని పొరబడేవారు చాలామంది. ఆ పేరు హానోవర్‌లో భూసర్వే నేర్పిన విల్హెల్మ్ జోర్డాన్‌ది. సర్వేయర్ల కోసం రాసిన చేతిపుస్తకం మూడో కూర్పులో, 1888లో, ఆయన ఆ పేర్పు చూపించాడు. అదే సంవత్సరం క్లాసెన్ అనే ఇంకొకాయన కూడా అదే పద్ధతిని స్వతంత్రంగా ప్రచురించాడు, ఆయన పేరు మాత్రం పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కలేదు.